పెద్దక్షరాల తెలుగు బైబిలు: పద్నాలుగు నెలలు వాడాక

ఈ బైబిలు కొని పద్నాలుగు నెలలయింది. పెద్దక్షరాలు, పాత అనువాదం, ప్రతి పేజీ అంచున రాసుకోవడానికి రెండు వేళ్ల వెడల్పు ఖాళీ, నల్ల రెక్సిన్ అట్ట, చుట్టూ జిప్. 1100 రూపాయల లోపే పడింది. ఎవరు వేశారో, ఎక్కడ కొన్నానో రాయడం లేదు. ఈ అనువాదం ఎవరు వేసినా లోపలి మాట ఒకటే, నేను చెప్పబోయేది కూడా ఎక్కువగా ఆ అక్షరాల గురించీ, ఆ ఖాళీ జాగా గురించీ. ఒకటి మాత్రం ముందే చెప్తాను, దీన్ని నేను మామూలు రోజుల్లో కొనలేదు. దేవుడు అసలు వింటున్నాడా అని అనుమానం పట్టుకున్న రోజుల్లో కొన్నాను. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుందా లేదా అనేదే ఈ రివ్యూ.

మా అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, అలా రెండేళ్లు. ఆ రెండేళ్లలో మేం చేయని ప్రార్థన లేదు. శుక్రవారం ఉపవాసాలు, ఇంట్లో కూడికలు, నూనె రాసి ప్రార్థనలు, ఎవరో చెప్పారని పక్క జిల్లాలో స్వస్థత కూటాలకి ఆటో మాట్లాడుకుని వెళ్లి రాత్రి ఒంటిగంటకి తిరిగి రావడం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అందరితో పాటు నేనూ వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికి దేవుడి మాటగా ఒక బైబిలు వచనం రాసి ఉండే చీటీ, తీశాను. "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అని వచ్చింది, 118వ కీర్తన 17వ వచనం. ఏడ్చుకుంటూ వెళ్లి అమ్మకి చూపించాను. ఆమె దాన్ని దిండు కింద పెట్టుకుంది. జూలైలో చనిపోయింది.

భూస్థాపన అయిన మూడో రోజు తెలిసిన పెద్దాయన ఒకాయన పరామర్శకి వచ్చి, ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువైంది, లేదా ఒప్పుకోని పాపం ఏదో ఉంది, లేకపోతే దేవుడు ఇలా చేయడు అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ ఆదివారం నుంచి చర్చికి రావడం మానేశాడు. నేను వెళ్లేదాన్ని గానీ పాట మధ్యలో గొంతు పెగిలేది కాదు, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే టైమ్ వస్తే బయటికి వచ్చి నిలబడేదాన్ని.

మా పాస్టరమ్మ గారు ఒకరోజు అక్కడికే వచ్చి నా పక్కన నిలబడ్డారు. "అమ్మాయ్, కార్డులు కొన్నాళ్లు పక్కన పెట్టు. యోబు మొదలుపెట్టి చివరిదాకా చదువు, మధ్యలో వదలకు. కోపమొచ్చిన చోట పెన్సిలుతో రాసుకో" అన్నారు. యోబు అంటే బైబిల్లో ఒక గ్రంథం, ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న మనిషి కథ. నా దగ్గరున్నది బాప్తిస్మం అప్పుడు ఇచ్చిన చిన్న బైబిలు, చీమ తలకాయంత అక్షరాలు, రాసుకోవడానికి వెంట్రుకవాసి చోటు లేదు. అందుకే ఇది కొన్నాను.

అక్షరాల విషయంలో నూటికి నూరు మార్కులు. రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ లైటులో కూడా చదివాను, ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా ఉన్నాయి. కాగితం మాత్రం పల్చన. జెల్ పెన్నుతో 13వ కీర్తన కింద గీత గీస్తే వెనక పేజీలోకి దిగిపోయింది. పెన్సిలు, బాల్ పెన్ను అయితే ఇబ్బంది లేదు. ఆ కీర్తన మొదటి మాటే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. దేవుణ్ణి అలా అడగొచ్చని చిన్నప్పటి నుంచి సండే స్కూలుకి వెళ్లిన నాకు ఎవరూ చెప్పలేదు.

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. ప్రసంగాల్లో మనం వినేది మొదటి రెండూ, చివరిదీ. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని ప్రతి భూస్థాపనలో చదువుతారు, అది మొదటి అధ్యాయం 21వ వచనం. అదే మనిషి మూడో అధ్యాయంలో తను పుట్టిన రోజుని శపించాడని ఎవరూ చదవరు. అక్కడి నుంచి ముప్ఫై అధ్యాయాల పైన వాదనే వాదన, నువ్వు పాపం చేశావు కాబట్టే నీకిలా అయిందని స్నేహితులు, నేను చేయలేదు, దేవుడే వచ్చి నాతో మాట్లాడాలని యోబు. ఇక్కడ ఈ ప్రతిలో ఒక లోపం ఉంది. ఎవరు మాట్లాడుతున్నారో పైన శీర్షికలు లేవు, రెండు పేజీలు తిప్పేసరికి మాట ఎవరిదో మర్చిపోతాం. స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు, చివర్లో మాట్లాడే ఎలీహు అని పేర్లు నేనే అంచున రాసుకోవాల్సి వచ్చింది. కొనేవాళ్లు మొదటిరోజే ఆ పని చేసుకోండి, చాలా ఉపయోగం.

ఆ స్నేహితులు మొదట ఏడు రోజులు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది నాకు. నోరు తెరిచాక మా ఇంటికొచ్చిన పెద్దాయన అన్న మాటలే అన్నారు. చివరికి 42వ అధ్యాయం 7వ వచనంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో చూడండి. ప్రశ్నలడిగిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. నా గురించి యోబు పలికినట్టు మీరు సరిగ్గా పలకలేదు అన్నాడు. ఆ వచనం పక్కన నేను తేదీ వేశాను. అమ్మ పోయాక ఏడుపు లేకుండా పడుకున్న మొదటి రాత్రి అది.

ముందు పేజీల్లో "ఏ సమయంలో ఏది చదవాలి" అని ఒక పట్టిక ఇచ్చారు. భయం వేస్తే ఇది, జబ్బు చేస్తే ఇది, దుఃఖంలో ఇది అని. మంచిదే, కానీ అందులో 88వ కీర్తన లేదు. కీర్తనల్లో ఏడుపుతో మొదలైనవి చాలావరకు చివరికి స్తోత్రంలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లకి అందరికంటే ముందు చూపించాల్సింది ఇదే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ చీకటి మాటల్ని కూడా బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. మదర్ థెరిసా చనిపోయిన పదేళ్లకి, 2007లో, ఆమె ఉత్తరాలు బయటికొచ్చాయి. లోపల అంతా చీకటిగా ఉందని, దేవుడు ఉన్నట్టే అనిపించడం లేదని ఏళ్ల తరబడి తన గురువులకి రాసుకుంది. పొద్దున్నే లేచి కలకత్తా వీధుల్లోకి వెళ్లడం మాత్రం మానలేదు. ఆ సంగతి తెలిశాక నాలాంటి మామూలు మనిషికి సందేహం రావడం తప్పు కాదనిపించింది.

ఇంకో లోపం, పదాలకి వివరణ లేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో శోధనలు వస్తే మహానందం అనుకోమంటాడు, పది వచనాలు దాటాక దేవుడు ఎవరినీ శోధించడంటాడు. ఆదికాండం 22లో దేవుడు అబ్రాహామును పరిశోధించాడని ఉంది. ఇవన్నీ ఎలా కలుస్తాయో తెలియక నేను నెల రోజులు కొట్టుకున్నాను. ఆ పత్రిక మొదట రాసిన గ్రీకులో కష్టం పెట్టి పరీక్షించడానికీ, చెడుకి లాగడానికీ ఒకే మూలపదమట, తెలుగులో కూడా రెండిటికీ శోధన అనే వాడారు. పాస్టరమ్మ గారు అది చెప్పాకే ముడి విడింది. అడుగున ఒక్క లైను ఇచ్చి ఉంటే సరిపోయేది.

భాష పాతది, ఒప్పుకోవాలి. యోబు కవిత్వం కొన్నిచోట్ల అసలు కొరుకుడు పడదు, పక్కన ఫోన్‌లో వాడుక భాష అనువాదం తెరిచి పెట్టుకోండి. అయినా పాతదాంట్లో కొన్ని మాటలు నేను వదులుకోలేను. "కనిపెట్టు" అంటే ఇప్పుడు కనుక్కోవడం, ఇందులో ఎదురుచూడటం. చెరసాల్లో ఉన్న బాప్తిస్మమిచ్చే యోహాను యేసు దగ్గరికి మనుషుల్ని పంపి, రాబోయేవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం కనిపెట్టాలా అని అడిగిస్తాడు. యొర్దానులో ఆయనకి తన చేతులతో బాప్తిస్మం ఇచ్చిన మనిషి అడిగే ప్రశ్న అది! యేసు తిట్టలేదు. ఆ తర్వాతే జనం ముందు యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. ఇక ఈ తెలుగు కోసం కష్టపడ్డ మొదటివాళ్లలో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఉన్నారు. 1805లో వచ్చారు, ఒకరు 1809లో, ఒకరు 1810లో చనిపోయారు. తాము తర్జుమా చేసిన సువార్తలు అచ్చులో చూసుకోలేదు. వాళ్లు ఏమని ప్రార్థించి ఉంటారో అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

జిప్ నాలుగో నెలలో ఊడిపోయింది, మీరు కొంటే జిప్ లేనిదే తీసుకోండి. బరువు కూడా ఎక్కువే, చర్చికి పట్టుకెళ్లడానికి కాదు, ఇంట్లో బల్ల మీద పెట్టుకోవడానికి. కుట్టు మాత్రం గట్టిగా ఉంది, యోబు దగ్గర ఇన్నిసార్లు తెరిచినా ఒక్క కాగితం ఊడలేదు. అయిదుకి నాలుగు ఇస్తాను.

నా అనుమానాలన్నీ తీరాయని చెప్పను. ఆ కార్డు ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మార్కు 9వ అధ్యాయంలో పిల్లాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడే, నా ప్రార్థన ప్రస్తుతానికి అంతే ఉంటుంది, కానీ రోజూ ఉంటుంది.

పోయిన నెల 88వ కీర్తన తెరిస్తే అంచున నాది కాని చేతిరాత కనిపించింది. అమ్మ పోయిన తేదీ, దాని కింద "నాకూ ఇంతే" అని. నాన్న. కళ్లజోడు లేకుండా కనబడుతున్నాయని నేను ఆఫీసుకి వెళ్లాక తీసి చదువుతున్నాడట. మీకు ఇంకొకటి కొంటాను నాన్నా అంటే వద్దన్నాడు. "నువ్వు రాసుకున్నదంతా ఇందులోనే ఉందిగా" అన్నాడు. చర్చికి ఇంకా రావడం లేదు. ఇప్పుడు పొద్దున నేను, మధ్యాహ్నం ఆయన, ఇదే వాడుతున్నాం. యోబు 30వ అధ్యాయం దగ్గర ఉన్నాడు.