ఎగ్జిమాకి డూపిలుమాబ్ సూది, ఆరు నెలలు వాడాక
తీవ్రమైన ఎగ్జిమాకి డాక్టర్ రాస్తే మొదలుపెట్టా, మొదటిరోజు 600 మి.గ్రా. రెండు సూదులుగా, ఆ తర్వాత రెండు వారాలకోసారి 300. స్టెరాయిడ్ కాదండీ ఇది. ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-4 అని ఒక సిగ్నల్ ప్రోటీన్ ఉంటుంది, అలర్జీకి అగ్గి రాజేసేది అదీ, దాని తోడు 13 నెంబరుదీ, ఆ రెండూ వచ్చి అతుక్కునే రిసెప్టర్‌ని ఈ మందు మూసేస్తుంది. అసలు విషయమేంటంటే ఈ ఇంటర్‌ల్యూకిన్-4 అలర్జీ పెంచి ఊరుకోదు, గొడవ సర్దే టీ-రెగ్ అనే రోగనిరోధక కణాలు తయారవడానికి కావాల్సిన ఫాక్స్‌పీ3 అనే ప్రోటీన్‌ని కూడా నొక్కేస్తుంది, అంటే దొంగకి తలుపు తీసి కాపలావాణ్ణి పడుకోబెట్టినట్టు. నా టీ-రెగ్‌లు లేచాయో లేదో నేనేం టెస్టు చేయించలేదు గానీ మూడో వారానికి రాత్రి గోకుడు తగ్గింది, పొద్దున దుప్పటి మీద రక్తపు చారలు లేవు!

మైనస్‌లంటే కళ్ళు ఎర్రబడి ఇసక పడ్డట్టు ఉండటం, ఇది తెలిసిన సైడ్ ఎఫెక్టే, చుక్కల మందుతో సర్దుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసి 45 నిమిషాలు ఆగాలి, ఓసారి తొందరపడి చల్లగానే పొడుచుకున్నా, అబ్బా. మోచేతి మడతల్లో ఇంకా గరుకుగానే ఉంది. నాలుగు స్టార్లు.