నేచురోపతీకి లైసెన్సా, రిజిస్ట్రేషనా, బహిరంగ ప్రకటనా? అమెరికా రాష్ట్రాల్లో ఏది మేలు?

అమెరికాలో వైద్యం చేయడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే, కేంద్రానికి అందులో పాత్ర లేదు. అందుకే ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు నేచురోపతి (ప్రకృతి వైద్యం) డాక్టర్లు (అక్కడ ఎన్‌డీ అంటారు) రెండు రాష్ట్రాల్లో స్థిరపడితే ఇద్దరి అధికారాలూ ఒకేలా ఉండవు. ఒరెగాన్‌లో 1927 నుంచీ లైసెన్స్ ఉంది. అక్కడి ఎన్‌డీలు మందులు రాస్తారు, చిన్నపాటి సర్జరీలూ చేస్తారు. ఫ్లోరిడా మాత్రం 1959లో కొత్త లైసెన్సులకు తలుపులు మూసింది. ఈ చట్టాలను సవరించాలనుకునే రాష్ట్రం ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది బహిరంగ ప్రకటన: లైసెన్స్ అడగకుండా, నిజం చెప్పమని మాత్రమే అడగడం. మిన్నెసోటా 2000లో, కాలిఫోర్నియా 2002లో ఇలాంటి చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో లైసెన్స్ లేనివారు సర్జరీ చేయకూడదు, మందులు రాయకూడదు, డాక్టర్ రాసిన మందు మానేయమని చెప్పకూడదు. తమకు లైసెన్స్ లేదనీ, తాము ఏం చదివామో కూడా కాగితం మీద రాసిచ్చి క్లయింట్ సంతకం తీసుకోవాలి. మూలికలు, ఆహార సలహాల వరకు ఇది సరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, జబ్బుతో టెన్షన్‌లో ఉన్న మనిషి సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఎంత శ్రద్ధగా చదువుతాడు?

రెండోది రిజిస్ట్రేషన్. పెన్సిల్వేనియా 2016లో ఈ చట్టం చేసింది. గుర్తింపు పొందిన కాలేజీలో చదివి, పరీక్ష పాసైనవారే నేచురోపతి డాక్టర్ అని బోర్డు పెట్టుకోవాలి. కరస్పాండెన్స్ కోర్సు పట్టాకూ నాలుగేళ్ల చదువుకూ తేడా తెలియడానికి ఇది పనికొస్తుంది. కానీ ఈ చట్టం కాపలా కాసేది బిరుదుకే. ఆ బిరుదు వాడుకోనివాళ్లు ఇలాంటి సలహాలే ఇస్తూ పోవచ్చు. నాకిది అరకొర ఏర్పాటులా కనిపిస్తుంది.

మూడోది పూర్తి లైసెన్స్. సీఎన్ఎంఈ (నేచురోపతి చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తించిన కాలేజీలో నాలుగేళ్ల చదువు, ఎన్‌ప్లెక్స్ అనే రెండు భాగాల పరీక్ష, ఆపైన ఫిర్యాదు వస్తే విచారించి లైసెన్స్ రద్దు చేయగల బోర్డు. నా ఓటు దీనికే, అదీ ఈ బోర్డు వల్లే. నష్టపోయిన రోగికి కోర్టు కాకుండా తట్టడానికి ఇంకో తలుపు ఉంటుంది.

అయితే లైసెన్స్ ఉన్నంత మాత్రాన ప్రమాదం పోదు. 2017లో శాన్ డియేగో కౌంటీలో ఒక మహిళ పసుపులోని కర్కుమిన్‌ను సెలైన్‌లా నరానికి ఎక్కించుకుని చనిపోయింది. ఎక్కించింది లైసెన్స్ ఉన్న ఎన్‌డీయే. మందులను నియంత్రించే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షిస్తే ఆ ద్రావణంలో వైద్యానికి తగిన గ్రేడు లేని ఆముదపు పదార్థం బయటపడింది. అసలు ప్రశ్న ఇక్కడుంది: లైసెన్స్ ఏ పనికి, ఎంత శిక్షణ మీద ఇస్తున్నారు? ఎండీ (అక్కడ మామూలు డాక్టర్ల పట్టా) చదివినవాళ్లు ఆస్పత్రిలో ఏళ్ల తరబడి రెసిడెన్సీ, అంటే పర్యవేక్షణలో శిక్షణ, చేస్తేగానీ సొంతంగా ప్రాక్టీసు పెట్టరు. ఎన్‌డీలకు చాలా రాష్ట్రాల్లో అది తప్పనిసరి కాదు. యూటా మాత్రం ఒక ఏడాది చేయాలంటుంది. పైగా ఎన్‌ప్లెక్స్ సిలబస్‌లో హోమియోపతి కూడా ఉంది. దాని పనితనానికి గట్టి శాస్త్రీయ ఆధారం లేదని తెలిసీ పరీక్షలో పెట్టడం నాకైతే మింగుడుపడదు.

చట్ట సవరణ అనగానే ఎన్‌డీల సంఘాలు అడిగేది ఎక్కువగా పరిధి పెంచమనే: మరిన్ని మందులు, ఇంజెక్షన్లు, ఫ్యామిలీ డాక్టర్ హోదా. పల్లెల్లో డాక్టర్లు దొరకడం లేదన్న వారి వాదన కొట్టిపారేసేది కాదు. కానీ పరిధి పెంచాలంటే శిక్షణ ముందు పెరగాలి. కాలిఫోర్నియా కొంతవరకు మెట్లు కట్టింది: హార్మోన్లు ఎన్‌డీలు సొంతంగా రాయవచ్చు, చాలా మందులకు మాత్రం ఎండీ పర్యవేక్షణ కావాలి. విస్కాన్సిన్ 2022లో పూర్తి లైసెన్స్, పరిమిత లైసెన్స్ అని రెండు తరగతులు పెట్టింది. వీటికి యూటా రెసిడెన్సీ నియమాన్ని జతచేసి, నరానికి ఎక్కించే మందులకు విడిగా అనుమతి పెడితే లైసెన్స్ చట్టం చాలావరకు గట్టిపడుతుంది.

లైసెన్స్ పెడితే మూలికల సలహాదారుల పొట్ట కొట్టినట్టేనన్న భయానికి జవాబు కూడా కాలిఫోర్నియాలోనే ఉంది. 2002 నాటి ప్రకటన చట్టాన్ని తీసేయకుండానే 2003లో ఎన్‌డీ లైసెన్స్ చట్టం తెచ్చారు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.