పదమూడేళ్లుగా చూస్తున్న ‘పవర్ ఆఫ్ ఆర్ట్’

ఒక డాక్యుమెంటరీ ఎంత గట్టిదో మొదటిసారి చూసినప్పుడు తెలియదు. ఐదోసారో ఆరోసారో చూస్తున్నప్పుడు చెయ్యి ఎక్కడ రిమోట్ మీదికి వెళ్తుందో, ఎక్కడ కదలకుండా ఉండిపోతుందో గమనిస్తే తెలుస్తుంది. చరిత్రకారుడు సైమన్ షామా రాసి, తానే తెర మీద కనిపిస్తూ చెప్పిన ‘పవర్ ఆఫ్ ఆర్ట్’ను నేను పదమూడేళ్లుగా చూస్తున్నాను. బీబీసీ 2006లో ప్రసారం చేసిన ఎనిమిది భాగాల ధారావాహిక ఇది. ఒక్కో భాగం సుమారు గంట. డీవీడీల పెట్టె మా తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. నేను ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరును. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను, బడిలో పిల్లలకు చూపించాను, వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలతో చూశాను. రెంబ్రాంట్ భాగం ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

ఎనిమిది మంది కళాకారులు: కారవాజ్జో, బెర్నీనీ, రెంబ్రాంట్, డావీడ్, టర్నర్, వాన్ గో, పికాసో, రోత్కో. బెర్నీనీ ప్రధానంగా శిల్పి, మిగిలినవారు చిత్రకారులు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా జీవితం మొత్తం చెప్పుకుపోవడం షామా పద్ధతి కాదు. ఒక్కొక్కరి దగ్గర ఒక ముఖ్యమైన పనిని పట్టుకుని, ఆ మనిషి అక్కడికి ఎలా చేరాడో చెబుతాడు. ఈ ఎంపిక చాలా మంచిది. తేదీల జాబితా వినడానికి పిల్లలెవరూ కూర్చోరు, ‘ఈ బొమ్మ ఎందుకిలా వచ్చింది?’ అంటే కూర్చుంటారు.

రెంబ్రాంట్ భాగమే తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ కొత్త నగర భవనం కోసం 1661లో ఆయనకు ఒక పెద్ద చిత్రం వేసే పని వచ్చింది. అప్పటికి ఐదేళ్ల కిందటే, 1656లో, దివాలా తీసి ఇల్లూ సామానూ పోగొట్టుకున్న మనిషి. డచ్చివారు తమ పూర్వీకులుగా చెప్పుకునే బటావియన్లు రోమన్ల మీద తిరగబడే ముందు రాత్రివేళ ప్రమాణం చేసే ఘట్టం ఆ చిత్రానికి విషయం. వారి నాయకుడు క్లాడియస్ సివిలిస్‌కు ఒక కన్ను లేదు. మరొకరైతే మంచి కన్ను కనిపించేలా ఆయన్ను పక్కకు తిప్పి వేసేవారు. రెంబ్రాంట్ ఆ పని చేయలేదు. పూడుకుపోయిన కన్ను నేరుగా మన వైపే ఉంటుంది. బల్ల మీది దీపం మనకు కనిపించదు, ముందు కూర్చున్నవాళ్ల వీపుల చాటున ఉంటుంది. వెలుగు మాత్రం ముఖాల మీదికి, కత్తుల మీదికి పాకుతుంది. పట్టుబట్టల పెద్దమనుషులు తమ వంశ వైభవాన్ని చూసుకోవాలనుకున్న గోడ మీద ఆయన మోటు మనుషులను కూర్చోబెట్టాడు. కొన్ని నెలలకే, 1662లో, చిత్రాన్ని గోడ మీద నుంచి దించేశారు. సుమారు ఐదున్నర మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఆ బట్టను చివరకు కోసేశారు. ఇప్పుడు స్టాక్‌హోమ్ నేషనల్ మ్యూజియంలో మిగిలింది 196 సెంటీమీటర్ల ఎత్తు, 309 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క. అంటే ఐదో వంతు.

ఈ కథ చెప్పేటప్పుడు షామా గొంతులో ఉండే బాధ నటన కాదు. ఆయన రెంబ్రాంట్ మీద ఏళ్ల తరబడి పనిచేసి పెద్ద పుస్తకం రాసిన మనిషి, ఆ పరిచయం మాట మాటలోనూ తెలుస్తుంది. కెమెరా కూడా ఇక్కడ తొందరపడదు. రంగు ముద్దలు ముద్దలుగా ఎక్కడ ఉందో, కుంచె ఎక్కడ ఒక్క గీతతో సరిపెట్టి ముందుకు వెళ్లిపోయిందో దగ్గరికి వెళ్లి చూపిస్తుంది. కళ్లు, ముక్కులు నున్నగా దిద్దితేనే బొమ్మ పూర్తయినట్టని నమ్మే పిల్లలకు ఆ కొద్ది నిమిషాలు నా నెల రోజుల పాఠం కంటే ఎక్కువ నేర్పాయి.

ఎన్నిసార్లు చూసినా తీరని లోటు ఒకటుంది. టీవీ తెర మీద బొమ్మలన్నీ ఒకే కొలతకు వచ్చేస్తాయి. పికాసో వేసిన భారీ చిత్రం గెర్నికా, వాన్ గో గోధుమ చేను రెండూ నా 43 అంగుళాల తెరలోనే ఇమిడిపోతాయి. కొలతలు నోటితో చెబితే పిల్లల మనసుకు ఎక్కవు. అందుకే ఒక శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి వాళ్లను ప్రార్థన జరిగే ఆవరణలోకి తీసుకెళ్లి, టేపు, తాడు, సుద్దముక్కలు ఇచ్చాను. గెర్నికా వెడల్పు 7.76 మీటర్లు, ఎత్తు 3.49 మీటర్లు. వేపచెట్టు మొదలు నుంచి గీత గీస్తూ పోతే కుళాయి దాకా వెళ్లింది. ఐదుగురు పిల్లలు చేతులు చాచి వరుసగా నిలబడితే గానీ ఆ చివర అందలేదు. దాని పక్కనే వాన్ గో చిత్రం గీశాం. 50.5 సెంటీమీటర్ల ఎత్తు, 103 సెంటీమీటర్ల వెడల్పు. ఒక అమ్మాయి అందులో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చోటు నిండిపోయింది. “టీచర్, ఇంత చిన్నదాన్లో అంత పెద్ద ఆకాశం ఎలా పట్టింది?” అని అడిగింది. మళ్లీ వాన్ గో భాగం పెట్టమన్నది వాళ్లే.

ఇక నటుల సంగతి. ప్రతి భాగంలోనూ కళాకారుడి పాత్రలో ఎవరో ఒకరు నటించారు. మొదటిసారి నాకూ ఆ నటించిన దృశ్యాలే నచ్చాయి. కారవాజ్జో వీధుల్లో కత్తి పట్టుకుని తిరగడం, 1606లో ఒకరిని చంపి రోమ్ వదిలి పారిపోవడం ఊపిరి బిగబట్టి చూశాను. ఇప్పుడు రిమోట్ మీదికి నా చెయ్యి వెళ్లేది సరిగ్గా ఆ దృశ్యాల దగ్గరే. రెండోసారికే వాటిలో కొత్తగా చూడడానికి ఏమీ మిగలదు. బొమ్మ అలా కాదు. రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఉన్న కారవాజ్జో చిత్రంలో, బైబిల్ కథలోని బాలుడైన దావీదు చేతిలో వేలాడే గొలియాతు తల చిత్రకారుడి సొంత ముఖమే. ఆ తలను చూసిన ప్రతిసారీ, తెగిన తర్వాత కూడా ఇంకా చూస్తున్నట్టున్న ఆ కన్ను నన్ను కదలనివ్వదు. అక్కడ మరో అర నిమిషం ఆగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. వాన్ గోగా నటించిన ఆండీ సెర్కిస్ ఒక్కరిని మాత్రం నేను దాటవేయను. ఆయన పలికేవి చాలావరకు వాన్ గో ఉత్తరాల్లోని మాటలే కావడం కారణం. మనిషి రాసుకున్న మాటకు వేషం అడ్డం రాలేదు.

వాన్ గో భాగం కాకులు ఎగురుతున్న ఆ గోధుమ చేను చుట్టూ తిరుగుతుంది. 1890 జూలైలో వేసినది, అదే నెల 29న ఆయన చనిపోయాడు. దీన్ని పిల్లలకు చూపే ముందు ఒక చిన్న పని చేస్తాను. ఇది నా ఊహ కాదు, కళా విమర్శకుడు జాన్ బెర్జర్ 1972లో బీబీసీ కోసం చేసిన ‘వేస్ ఆఫ్ సీయింగ్’ ధారావాహిక నుంచి నేర్చుకున్నది. పేరు, చిత్రకారుడు, కథ ఏమీ చెప్పకుండా ముందు బొమ్మ మాత్రం చూపిస్తాను. పిల్లలు పసుపు గురించి, గాలి గురించి, చేలో దారి ఎటు పోతోందన్న దాని గురించి మాట్లాడతారు. తర్వాత చావు సంగతి చెబుతాను. వెంటనే కాకులు అపశకునాలైపోతాయి, ఆకాశం దుఃఖమైపోతుంది. బొమ్మలో ఒక్క గీత కూడా మారలేదు. ఇది ఆయన చివరి చిత్రమని చాలాకాలం చెప్పుకున్నారు. చెట్ల వేళ్లను వేసిన మరో చిత్రమే చివరిదని ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా నమ్ముతున్నారు. కాబట్టి ఈ భాగాన్ని కథగా చూసే ముందు బొమ్మను బొమ్మగా ఒకసారి చూడమని నా మనవి.

టర్నర్ భాగం నన్ను ఏడిపించింది. 1840 నాటి ‘బానిసల ఓడ’ను దూరం నుంచి చూస్తే సముద్రం మీద మండుతున్న సూర్యాస్తమయం, అంతే. కెమెరా కుడివైపు అడుగు మూలకు దిగినప్పుడు నీళ్లలో సంకెలతో ఉన్న కాలు, దాని చుట్టూ మూగిన చేపలు కనిపిస్తాయి. 1781లో జోంగ్ అనే ఓడ నుంచి నూట ముప్పై మందికి పైగా ఆఫ్రికన్ బానిసలను బీమా డబ్బు కోసం బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. అందమైన ఆకాశాన్ని చూసి మెచ్చుకున్న నోటితోనే ఆ కాలిని చూడాల్సి వస్తుంది. టీవీ మాత్రమే చేయగల పని ఇది. మ్యూజియంలో కన్ను తనకు నచ్చిన చోటికి పోతుంది, ఇక్కడ మరొకరు వేలు పట్టుకుని నడిపిస్తారు.

డావీడ్ భాగంలో, హత్యకు గురైన ఫ్రెంచి విప్లవ నాయకుడు మారాను చూపే ‘మారా మరణం’ చిత్రం మీద షామా మెప్పు, డావీడ్ రాజకీయాల మీద కోపం రెండూ దాచుకోడు, అది నాకు నచ్చింది. బెర్నీనీ భాగం బాగుంటుంది, కానీ బడిలో చూపించలేదు. రోత్కో దగ్గర టీవీ చేతులెత్తేస్తుంది. ముదురు ఎరుపు మీద ముదురు ఎరుపు, పొర మీద పొర, అంచులు ఊపిరి తీస్తున్నట్టుండే ఆ చిత్రాలు తెర మీద చదునుగా, గోడకు వేసిన రంగులా ఉండిపోతాయి. అయినా కథ గొప్పది. న్యూయార్క్‌లోని ఖరీదైన రెస్టారెంట్ కోసం మొదలుపెట్టిన చిత్రాలను ఇవ్వనని చెప్పి, తర్వాత వాటిలో కొన్నింటిని లండన్‌లోని టేట్ గ్యాలరీకి ఇచ్చాడు. 1970 ఫిబ్రవరిలో అవి లండన్ చేరిన రోజే న్యూయార్క్‌లో ఆయన ప్రాణం తీసుకున్నాడు.

కొనాలనుకునేవారికి వాడకం సంగతులు. ఇంగ్లీషు వ్యాఖ్యానం వేగంగా, అలంకారాలతో సాగుతుంది. సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. పిల్లలకైతే ఐదు నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పాలి, నేను అలాగే చేస్తాను. టీవీలో రంగులు దట్టంగా చూపే అమరికను తీసేసి, వెలుగు తగ్గించి, ‘సినిమా’ అమరికలో పెట్టండి. లేకపోతే రెంబ్రాంట్ చీకటి బూడిదరంగులోకి తిరుగుతుంది. డీవీడీ బొమ్మను ఆపి చూస్తే మసకగా ఉంటుంది. అందుకే నేను పక్కన కంప్యూటర్‌లో మ్యూజియంల వెబ్‌సైట్ల నుంచి అదే చిత్రాన్ని తెరిచి ఉంచుకుంటాను.

ఎనిమిది మందిలో ఒక్క స్త్రీ లేదు. కారవాజ్జో బాటలో నడిచిన ఆర్తెమీజియా జెంటిలెస్కికి ఒక గంట ఇచ్చి ఉండాల్సింది. యూరప్, అమెరికా దాటి ఒక్క అడుగూ పడలేదు. ఈ లోటు గుర్తొచ్చినప్పుడల్లా సత్యజిత్ రాయ్ 1972లో తన గురువు వినోద్ బిహారీ ముఖర్జీ మీద తీసిన ‘ది ఇన్నర్ ఐ’ పెట్టుకుంటాను. చూపు పోయాక కూడా పని ఆపని చిత్రకారుడి గురించి ఇరవై నిమిషాల చిత్రం. వేషాలు లేవు, అరుపులు లేవు.

మా పిల్లలను రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లినప్పుడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయిన ఆ మనిషి చిత్రాల ముందు వాళ్లు మెడలు వంచి, పక్కనుంచి, కింద నుంచి రంగు ఎలా అంటిందో చూశారు. అలా చూడమని నేను చెప్పలేదు. రెంబ్రాంట్ భాగంలో కెమెరా అలాగే చూసింది. దామెర్ల మీద కూడా ఇలాంటి ఒక గంట తెలుగులో చూడాలని నాకు ఎప్పటి నుంచో ఆశ.

కొత్తగా చూసేవారు వరుస పట్టించుకోకుండా రెంబ్రాంట్‌తో మొదలుపెట్టండి, తర్వాత టర్నర్. కారవాజ్జో భాగంలో నెత్తురు ఎక్కువ, చిన్నపిల్లలకు చూపే ముందు మీరొక్కరే ఒకసారి చూడండి.