సిమెనాన్ ‘ది క్యాట్’ చదవాలా, మోరియాక్ ‘వైపర్స్ టాంగిల్’ చదవాలా?

రెండూ ఫ్రెంచి నవలలే, ఇంగ్లీషులో దొరుకుతాయి. రెండింట్లోనూ ముసలి భార్యాభర్తల మధ్య పగే కథ. కానీ చదివాక మిగిలే అనుభవం మాత్రం పూర్తిగా వేరు.

1967లో వచ్చిన సిమెనాన్ నవలలో ఎమిల్, మార్గరీట్ ఇద్దరికీ అది రెండో పెళ్లి. తన పిల్లికి ఆవిడే విషం పెట్టిందని అతని నమ్మకం, ఆ కోపంలో ఆవిడ చిలక ఈకలు పీకేస్తాడు, అది చచ్చిపోతే దాన్ని స్టఫ్ చేయించి మళ్లీ పంజరంలో పెడుతుంది ఆవిడ. అప్పట్నుంచి మాటల్లేవు, చీటీలే. ఒకే వంటింట్లో ఎవరి వంట వాళ్లది, ఎవరి సరుకులు వాళ్లవి, ఎక్కడ విషం కలుస్తుందో అని టెన్షన్. అయినా ఒకరు లేకుండా ఒకరు బతకలేరు, అదే నన్ను బాగా కదిలించింది. వాక్యాలు చిన్నవి, వేగంగా చదివించేస్తుంది.

మోరియాక్‌ది 1932 నాటి నవల. బోర్డో ప్రాంతంలో లూయీ అనే డబ్బున్న లాయరు, గుండెజబ్బు మనిషి, తను పోయాక భార్య ఈజా చదవాలని ద్వేషమంతా ఉత్తరంగా రాస్తుంటాడు, పిల్లలకి పైసా దక్కకూడదని పథకాలు వేస్తాడు. తీరా ఈజానే ముందు పోతుంది. అక్కడ్నుంచి పుస్తకం ఎంత లోతుకి వెళ్తుందో! క్రైస్తవ విశ్వాసం గురించిన చర్చ ఎక్కువ, కొన్ని పేజీలు నిదానంగా చదవాలి.

నా ఓటు మోరియాక్‌కే, ఎందుకంటే లూయీ మారతాడు, ఎమిల్ మారడు. ఈ తరహా నవలలు కొత్తయితే మాత్రం ముందు ‘ది క్యాట్’ పట్టుకోండి.