‘మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది’ అంటే నమ్మి డబ్బు కట్టకండి

డాక్యుమెంట్ రైటర్లు, చిన్న ఆఫీసులవాళ్లు ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదవండి. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింట్లో నడుస్తుందని నాకొకటి అంటగట్టారు. 9,500 పోశాను.

పార్టీ (మా దగ్గరికి వచ్చే క్లయింట్) పేరు కొడితే వాళ్ల లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) వరసగా వస్తాయి. దేనిమీద నొక్కితే అది తెరుచుకోవాలి. డెమోలో ‘టెస్ట్’ అనే పీడీఎఫ్ టక్కున తెరుచుకుంది. మా ఆఫీసులో ‘సేల్ డీడ్ 2’ నొక్కితే ఖాళీ నల్ల విండో వచ్చింది, దాని నెత్తిమీద టైటిల్‌గా ఆ ఫైలు పేరు! ఉబుంటు (ఒక రకం లినక్స్) ఉన్న రెండో సిస్టమ్‌లో ఉలుకూ లేదు పలుకూ లేదు, కనీసం ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే, “పేర్లలో స్పేస్ లేకుండా చూసుకోండి సార్” అన్నాడు. పదేళ్ల ఫైళ్లకు ఇప్పుడు నామకరణం చేస్తూ కూర్చోవాలట.

మా బావమరిది కొడుకు ప్రోగ్రామర్. వాడు చూసి సంగతి చెప్పాడు. ఫైలు తెరవడానికి ఇది విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లోని ‘స్టార్ట్’ కమాండ్ వాడుతోంది. పేరులో స్పేస్ ఉంటే చుట్టూ కోట్స్ (కొటేషన్ మార్కులు) పెడుతోంది. కోట్స్‌లో మొదట వచ్చినదాన్ని ‘స్టార్ట్’ తెరవాల్సిన ఫైలు అనుకోదు, కొత్త విండోకి టైటిల్ అనుకుంటుంది. లినక్స్‌లో ఈ స్టార్టే ఉండదు, అక్కడ ఎక్స్‌డీజీ-ఓపెన్ పిలవాలి. మ్యాక్‌లో అయితే ‘ఓపెన్’.

ఇంతవరకూ చిరాకే. ఆ తర్వాత వాడు చేసి చూపించింది చూసి చెమటలు పట్టాయి. ఒక పీడీఎఫ్‌కి స్పేస్ లేకుండా ‘ఏ&క్యాల్క్&బి’ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టి నొక్కాడు. ‘ఏ’ దొరకలేదని మెసేజ్ వచ్చింది, ఓకే కొట్టగానే కాలిక్యులేటర్ తెరుచుకుంది. & గుర్తు దగ్గర ఒక కమాండ్ ముగిసి ఇంకోటి మొదలవుతుందట. పార్టీలు మెయిల్లో పంపే ఫైళ్లను మేం ఉన్నవున్నట్టే ఎక్కిస్తాం. కాలిక్యులేటర్ బదులు ఫైళ్లు చెరిపేసే కమాండ్ పెట్టి పంపితే? ఫైలు పేరును కమాండ్‌లో అతికించకుండా, తెరిచే పనిని నేరుగా సిస్టమ్‌కే అప్పగించే పద్ధతులు, సాఫ్ట్‌వేర్ తయారీకి వాడే క్యూటీ, ఎలక్ట్రాన్‌లాంటి వాటిలో ఎప్పటినుంచో ఉన్నాయంటాడు వాడు.

డెమోకి వెళ్లేటప్పుడు మీ ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి: పేరులో స్పేస్ ఉన్నదొకటి, & ఉన్నదొకటి, తెలుగు పేరుదొకటి. లినక్స్ వాడేవాళ్లు లినక్స్ మీదే తెరిపించి చూడండి, “అక్కడా ఇంతే సార్” అంటే ఒప్పుకోకండి.

డబ్బు వెనక్కి అడిగితే, “డెమో చూసే కదా కొన్నారు” అంటున్నాడు.