ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డా, ఆరడుగుల షార్ట్‌బోర్డా? విశాఖ కెరటాలకు ఏది మేలు?

రుషికొండ తీరంలోనూ లాసన్స్ బే దగ్గరా తెల్లవారే వేళ సర్ఫ్‌బోర్డు చంకన పెట్టుకుని నీళ్లలోకి దిగేవారు కనిపించడం విశాఖ వాసులకు ఇప్పుడు కొత్త విషయం కాదు. అద్దె బోర్డు మీద కొన్ని పాఠాలు పూర్తిచేసి, కెరటం మీద రెండు మూడు సార్లు నిలబడగలిగిన వారికి వెంటనే కలిగే కోరిక సొంత బోర్డు కొనుక్కోవాలన్నదే. ఆ దశలో చాలామంది పోటీల్లో చూసిన ఆరడుగుల, మొన తేలిన షార్ట్‌బోర్డు వైపు మొగ్గుతారు. మన తీరానికి మొదటి బోర్డుగా ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు (మెత్తని పైభాగం ఉన్నది), రెండోదిగా ఏడడుగుల మిడ్‌లెంగ్త్ (షార్ట్‌బోర్డుకూ లాంగ్‌బోర్డుకూ నడిమి పొడవుది) మేలని, షార్ట్‌బోర్డు వంతు ఆ తర్వాతేనని నా నిశ్చితాభిప్రాయం.

పొడవు కన్నా ముందు చూడవలసింది బోర్డు ఘనపరిమాణం. పొడవు, వెడల్పు, మందంతో పాటు దీన్ని కూడా లీటర్ల లెక్కన చాలా బోర్డుల అడుగున రాసి ఉంచుతారు. లీటరు ఘనపరిమాణం ఉన్న వస్తువు పూర్తిగా మునిగితే సుమారు కిలో నీటిని పక్కకు నెడుతుంది కాబట్టి, బోర్డు ఎన్ని లీటర్లో దాదాపు అన్ని కిలోలను (దాని సొంత బరువు పోను) నీటిపైన నిలపగలదు. డెబ్బై కిలోల మనిషికి ఈ లెక్క వేసి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు సాధారణంగా 80 లీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఆ మనిషి బోర్డు మీద బోర్లా పడుకుంటే ఒళ్లంతా నీటి పైనే ఉంటుంది. అదే మనిషి 28 లీటర్ల షార్ట్‌బోర్డు మీద పడుకుంటే ఛాతీ, పొట్ట నీటిలోనే ఉండిపోతాయి, చేతులతో ఎంత తోసినా ఆ ఒంటి బరువంతా నీటిని చీల్చుకుంటూనే కదలాలి.

ఇక్కడ కెరటం వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీటరు ఎత్తు కెరటం విరిగే చోట గంటకు 12, 13 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, చేతులతో తోసుకుంటూ వెళ్లే మనిషికి అందులో సగం వేగం అందుకోవడమే కష్టం. మిగిలిన లోటును భర్తీ చేసేది కెరటం వాలు. పెద్ద బోర్డు తక్కువ వాలు మీదే జారడం మొదలుపెడుతుంది కాబట్టి, కెరటం ఇంకా విరగకముందే సర్ఫర్ లేచి నిలబడడానికి వ్యవధి దొరుకుతుంది. షార్ట్‌బోర్డు జారాలంటే కెరటం బాగా నిటారుగా లేవాలి, లేచిన క్షణంలోనే మనిషీ లేవాలి. నేర్చుకునేవారికి ఆ క్షణం అందదు. ఉదయమంతా నీళ్లలో ఉండి ఒక్క కెరటమూ పట్టలేక వెనుదిరిగేవారిలో చాలామంది విషయంలో లోపం వారి శ్రమలో కాదు, బోర్డు లీటర్లలో ఉంటుంది.

విశాఖ సముద్ర స్వభావం ఈ వాదనకు మరింత బలం చేకూరుస్తుంది. మన దగ్గర కెరటాలు ఇసుక తిన్నెల మీద విరుగుతాయి, ఆ తిన్నెలు ఒకచోట నిలిచేవి కావు. నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక తీరం వెంబడి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి కదులుతుంది, పెద్ద తుఫాను వస్తే తీరం రూపమే మారిపోతుంది. అందువల్ల గత నెలలో చక్కగా విరిగిన చోటే ఈ నెల కెరటం మెత్తగా, బలం లేకుండా రావచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు పెద్దవైనా గాలి వాటిని చెదరగొడుతుంది, గాలి పుంజుకోకముందు ఉండే ఉదయపు గంటలే మనకు దక్కేవి. మిగతా కాలంలో చాలా రోజులు అలలు చిన్నవిగానే ఉంటాయి. ఇలాంటి నీటిలో తక్కువ బలంతోనూ జారగలిగే బోర్డు ఉన్నవారు ఏడాదిలో ఎక్కువ రోజులు సర్ఫింగ్ చేయగలుగుతారు. ఒడ్డుకు దగ్గరలోనే లోతు పెరిగి కెరటం ఒక్కసారిగా విరిగిపడే ఆర్కే బీచ్ మాత్రం ఏ బోర్డుతోనైనా నేర్చుకోదగిన చోటు కాదని గట్టిగా చెప్పాలి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఎన్ని ప్రాణాలు తీశాయో నగరవాసులకు తెలిసిన సంగతే. ఎక్కడ దిగినా, హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూసుకుని దిగడం అవసరం.

షార్ట్‌బోర్డు పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. పెద్ద అలల రోజున, ఎదురొచ్చే కెరటం కిందికి బోర్డు మొనను నొక్కి మునిగి అవతలికి తేలడం షార్ట్‌బోర్డుతో సాధ్యం. ఎనభై లీటర్ల బోర్డును ఎవరూ అలా ముంచలేరు, దానితో సహా తలకిందులై, అంచులు గట్టిగా పట్టుకుని కెరటాన్ని పైనుంచి పోనివ్వవలసిందే. కెరటం ముఖం మీద పైకీ కిందికీ పదునుగా మలుపులు తిప్పాలన్న కోరిక ఉన్నవారికి కూడా చివరికి గమ్యం షార్ట్‌బోర్డే. కానీ ఆ మలుపులకు నిటారైన, బలమైన కెరటం కావాలి, దాన్ని సరైన చోట అందుకునే కన్ను కూడా కావాలి. మొదటిది మన తీరంలో ఏడాదిలో కొన్ని రోజులే దొరుకుతుంది, రెండోది ఎక్కువ కెరటాలు పట్టినవారికే అలవడుతుంది.

తొమ్మిదడుగుల లాంగ్‌బోర్డుకూ ఏడడుగుల మిడ్‌లెంగ్త్‌కూ మధ్య ఎంపిక అంత తేలిక కాదు. చిన్న కెరటం మీద నిదానంగా, దూరంగా జారుతూ, బోర్డు మీద అడుగులు వేసుకుంటూ మొన దాకా నడవడం ఇష్టమైనవారికి లాంగ్‌బోర్డుకు సాటి లేదు, రుషికొండ ప్రశాంతంగా ఉన్న రోజున అది ఇచ్చే ఆనందం వేరు. అయితే గట్టి పూత ఉన్న తొమ్మిదడుగుల బోర్డు జనం మధ్య చెయ్యి జారితే పక్కవారికి ప్రమాదం. ఇంటి సమస్య కూడా ఉంది. ఎనిమిదడుగుల బోర్డే చాలా అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు, తొమ్మిదడుగులదైతే మెట్ల మలుపు దగ్గర ప్రతిసారీ నిలువుగా ఎత్తి తిప్పవలసి వస్తుంది. ఏడడుగుల మిడ్‌లెంగ్త్ 45 లీటర్ల దరిదాపుల్లో ఉండి, చిన్న కెరటాన్నీ అందుకుంటుంది, కాలి ఒత్తిడికి మలుపూ తిరుగుతుంది, లిఫ్టులోనూ పడుతుంది. అన్ని రకాల రోజులకూ ఒకే బోర్డు ఉంచుకోవాలనుకునే విశాఖ వాసికి నేను దీన్నే సూచిస్తాను.

ఒంటి బరువును బట్టి ఈ కొలతలను సవరించుకోవాలి. తొంభై కిలోలు దాటినవారికి ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు చాలదు, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదడుగుల పొడవు, 90 లీటర్లకు తగ్గని పరిమాణం చూసుకోవాలి. యాభై ఐదు కిలోలవారికి ఏడడుగుల ఫోమ్ బోర్డు సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే వెడల్పు వల్ల చేతులు అంచులు దాటి నీటిని సరిగా తోయలేవు. ముప్ఫై కిలోల పిల్లలకు ఆరడుగుల ఫోమ్ బోర్డు చాలు. కొన్నాక పరిమాణం, పడుకునే చోటు కుదిరాయో లేదో నీటిలోనే తేల్చుకోవచ్చు. బోర్లా పడుకుని తోస్తున్నప్పుడు మొన నీటికి రెండు మూడు అంగుళాల ఎత్తున ఉండాలి. మొన మునుగుతుంటే కొంచెం వెనక్కి, ఆకాశం వైపు చూస్తుంటే కొంచెం ముందుకు జరగాలి. ఎటు జరిగినా ఏదో ఒక చివర మునిగే ఉంటే ఆ బోర్డు మీ బరువుకు చిన్నది.

పదార్థం విషయానికి వస్తే, ఫోమ్ బోర్డు పైభాగం మెత్తగా ఉండి తగిలినా గాయం తక్కువ, మైనం రాయకుండానే చాలా వాటి మీద కాలు నిలుస్తుంది. దాని శత్రువు ఎండ. బీచ్ రోడ్డులో ఆపిన కారులో మధ్యాహ్నం దాకా వదిలేస్తే పైపొర లోపలి నురుగు నుంచి విడిపోయి పొక్కులు లేస్తాయి. గట్టి బోర్డుల్లో పాలియురిథేన్ రకం బరువుగా, నీటిలో నిలకడగా ఉంటుంది, ఎండకు పసుపెక్కుతుంది, మడమ తగిలిన చోట సొట్టపడుతుంది. ఎపాక్సీ రకం తేలిక, దెబ్బకు ఆగుతుంది, కానీ ఒకసారి పగిలితే లోపలి నురుగు నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి, బాగుచేసేదాకా దాన్ని నీటిలో దించకూడదు. బోర్డులకు మరమ్మతు చేసేవారు మన దగ్గర అరుదు కాబట్టి, మొదటి గట్టి బోర్డుగా దెబ్బకు ఆగే ఎపాక్సీ మిడ్‌లెంగ్త్ నాకు నచ్చుతుంది. ఫిన్‌ల (బోర్డు అడుగున వెనుక వైపు ఉండే చిన్న రెక్కల) గురించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోనక్కర లేదు, బోర్డుతో వచ్చే మూడు ఫిన్‌లతో మొదటి ఏడాది హాయిగా గడుస్తుంది. బోర్డును కాలికి కట్టి ఉంచే తాడు, అంటే లీష్ మాత్రం బోర్డు పొడవుకు తగ్గకుండా ఉండాలి.

వాడిన బోర్డు కొంటుంటే బొటనవేలితో మధ్య గీత వెంబడి, ఆ తర్వాత నిలబడే చోట నొక్కుతూ పోవాలి. వేలు దిగబడినా, కింద మెత్తగా కదిలినా పొర విడిపోయిందన్నమాట. పగుళ్ల చుట్టూ గోధుమరంగు మచ్చ ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ఫిన్‌ల మొదళ్ల దగ్గర సన్నని గీతలు ఉన్నాయేమో వెలుతురులో వంచి చూడాలి. అమ్మేవారు చెప్పే ధర ఎంత తక్కువైనా ఈ మూడింట్లో ఒకటి ఉంటే వదులుకోవడమే నయం.

చిన్న బోర్డుకు మారే సమయం వచ్చిందని తెలియడానికి కాలెండరు కాదు, కెరటమే గుర్తు. విరిగాక వచ్చే తెల్లని నురుగులో కాక, విరగని కెరటాన్ని ఎవరి సాయమూ లేకుండా పట్టి, నిలబడి, కుడికో ఎడమకో కెరటం వెంబడి వెళ్లగలుగుతున్నారా అని చూసుకోవాలి. నాలుగు ప్రయత్నాల్లో మూడు అలా ఫలిస్తుంటే, బరువు కిలోలలో మూడింట రెండు వంతుల లీటర్లున్న మిడ్‌లెంగ్త్‌కు మారవచ్చు. దాని మీద కూడా మలుపులు ఇరుకనిపించి, జూలై కెరటాల్లో కూడా ధైర్యంగా లోపలికి వెళ్లి రాగలిగినప్పుడు, బరువులో నలభై శాతానికి దగ్గరగా లీటర్లున్న షార్ట్‌బోర్డు కొనుక్కుని, చిన్న అలల రోజుల కోసం మిడ్‌లెంగ్త్‌ను కూడా అమ్మకుండా ఉంచుకోవాలి.