సర్వర్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ఎస్ఈలినక్స్‌ని చెప్పకుండా ఆపేసే ఇన్‌స్టాలర్లున్నాయి, జాగ్రత్త

"ఆల్మాలినక్స్ 9 మీద పక్కాగా నడుస్తుంది, ఎస్ఈలినక్స్ పాలసీ మాడ్యూల్ కూడా మేమే ఇస్తాం" అని చెప్పి ఒక కంపెనీ మా ఆఫీసుకి స్టాక్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అంటగట్టింది. ఎస్ఈలినక్స్ అంటే ఆల్మాలినక్స్ లాంటి లినక్స్ సిస్టమ్‌లలో ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే కాపలాదారు; పాలసీ మాడ్యూల్ అంటే ఒక సాఫ్ట్‌వేర్ కోసం దానికిచ్చే అదనపు రూల్స్. పేరు రాయను. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

ఇన్‌స్టాల్ మధ్యలో "ఫెయిల్డ్ టు రిజాల్వ్ టైప్‌ఆట్రిబ్యూట్‌సెట్ స్టేట్‌మెంట్" అని ఒక లైను, కింద "సెమాడ్యూల్: ఫెయిల్డ్!" అని ఇంకో లైను వచ్చాయి, అంటే మాడ్యూల్ ఎక్కలేదు. అయినా ఆఖర్న "సక్సెస్‌ఫుల్" అనే పడింది. సాఫ్ట్‌వేరూ లక్షణంగా నడిచింది. నడవదా మరి! ఎస్ఈలినక్స్ ఏ మోడ్‌లో ఉందో చెప్పే గెట్‌ఎన్‌ఫోర్స్ కమాండ్ కొట్టి చూస్తే పర్మిసివ్, అంటే తప్పుల్ని లాగ్‌లో రాస్తుందే తప్ప ఆపదు. ఇన్‌స్టాల్‌కి ముందు ఎన్‌ఫోర్సింగ్‌లో (రూల్ తప్పితే ఆపేసే మోడ్‌లో) ఉన్న సర్వర్ అది.

అనుమానమొచ్చి ఆర్‌పీఎం కమాండ్‌కి క్యూ, స్క్రిప్ట్స్ ఆప్షన్లిచ్చి ప్యాకేజీలో ఏం దాచారో చదివాం. మాడ్యూల్ ఎక్కకపోతే సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా, అంటే పర్మిసివ్‌లోకి మార్చేయడం. ఆ కింది లైనులో, కాన్ఫిగ్ ఫైల్లో ఎన్‌ఫోర్సింగ్ చెరిపేసి డిజేబుల్డ్ (పూర్తిగా ఆఫ్) అని రాయడం. తాళం పట్టలేదని తలుపే పీకేసినట్టుంది యవ్వారం. రీబూట్ కొట్టుంటే కథ ఇంకా ముదిరేది. డిజేబుల్డ్‌లో ఉండగా పుట్టిన ఫైళ్లకి లేబుళ్లు (ఎస్ఈలినక్స్ చూసే గుర్తులు) పడవు. మళ్లీ ఆన్ చేయాలంటే ముందు పర్మిసివ్‌లో పెట్టి, ఆటోరీలేబుల్ ఫైల్ సృష్టించి, రీబూట్ చేసి, డిస్కంతా లేబుల్ అయ్యేదాకా కూర్చోవాలి.

సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "సార్, అందరూ ఆఫ్‌లోనే పెట్టుకుంటారు" అన్నారు. గట్టిగా అడిగితే ఒకబ్బాయి రిమోట్‌లోకొచ్చి, ఎస్ఈలినక్స్ అడ్డుకున్నవి రాసుండే ఆడిట్ లాగ్ మొత్తాన్ని ఆడిట్2అలో అనే టూల్‌లోకి తోసి, వచ్చిన మాడ్యూల్‌ని ఎక్కించబోయాడు. ఆపేశాం. ఆ టూల్ మంచీచెడూ చూడదు, లాగ్‌లో అడ్డుపడ్డ ప్రతిదానికీ అనుమతి రాసిస్తుంది. ముందు అది రాసిన టీఈ ఫైల్ (మాడ్యూల్ సోర్స్) తెరిచి లైను లైనూ చదవాలి.

ఇన్‌స్టాల్‌లో వచ్చిన ఆ మొదటి ఎర్రర్‌కి అర్థం, మాడ్యూల్ అడిగే ఏదో టైప్ (లేబుల్‌లో ఉండే పేరు) మన పాలసీలో లేదని. వేరే డిస్ట్రోలోనో వేరే వెర్షన్‌లోనో కంపైల్ చేసిన పీపీ ఫైల్‌ని (తయారైన మాడ్యూల్‌ని) తెచ్చి పెడితే ఇలాగే ఏడుస్తుంది. సోర్స్ ఇస్తే, ఎస్ఈలినక్స్-పాలసీ-డెవెల్ ప్యాకేజీ వేసుకుని మన మెషిన్‌లోనే కట్టి, ఎక్కించి చూడొచ్చు, ఏ టైప్ లేదో వెతుక్కోవచ్చు. మాకు సోర్స్ ఇవ్వలేదు.

తమాషా ఏంటంటే, మాకసలు ఆ మాడ్యూలే అక్కర్లేదు. ఆప్ట్ ఫోల్డర్ నుంచి సిస్టమ్‌డీ (సర్వీసుల్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) లేపే ఇలాంటి సర్వీసు మామూలుగా అన్‌కన్‌ఫైన్డ్‌గానే, అంటే కట్టడి లేకుండానే నడుస్తుంది. అడ్డుపడింది దానికి ముందున్న వెబ్ సర్వర్ ఇంజిన్ఎక్స్‌కి. అది వెనకున్న పోర్ట్‌తో మాట్లాడాలంటే హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే బూలియన్‌ని (ఆన్/ఆఫ్ స్విచ్‌ని) సెట్‌సెబూల్‌తో, పెద్ద పీ ఆప్షన్ పెట్టి ఆన్ చేస్తే చాలు. అప్‌లోడ్ ఫోల్డర్‌కి సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో సరైన లేబుల్ రాసి, దాన్ని ఫైళ్లకి పట్టించే రీస్టోర్‌కాన్ కొట్టాం. ఇప్పుడు ఎన్‌ఫోర్సింగ్‌లోనే నడుస్తోంది.

డబ్బులు వెనక్కివ్వమంటే "ఇన్‌స్టలేషన్ అయిపోయింది కదా" అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకునేవాళ్లు ఇదొకటి చూసుకోండి: 2019 చట్టంలో వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారు కిందికి రారు, సొంత జీవనోపాధికి కొన్నవాళ్లకే మినహాయింపు. అందుకే "ఎన్‌ఫోర్సింగ్‌లో నడవాలి, టీఈ సోర్స్ ఇవ్వాలి, లేకపోతే రీఫండ్" అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకోండి. డెమో అడిగినప్పుడు ఇన్‌స్టాల్‌కి ముందూ తర్వాతా గెట్‌ఎన్‌ఫోర్స్ కొట్టించండి, కాన్ఫిగ్ ఫైల్ కూడా తెరిపించండి.